మగ్గం గుంటలో పిల్లి

నాకు పిల్లులంటే ఏనాడూ ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే మా వీధి పిల్లలు నన్ను పిల్లులవ్వ అంటారు. నేను పుట్టుకతోనే పిల్లుల్ని ఒళ్ళో పెట్టుకుని పెరిగాననుకుంటారు. అదంతా అబద్ధం. నేను పిల్లిని కోరలేదు, అడగలేదు, ఇంట్లోకి తెచ్చిన రోజున రెండు పూటలు అన్నం మానేసి మరీ కోపం చూపించాను.

మాది కరీంనగర్ జిల్లాలో మానేరు ఒడ్డున ఉన్న చేనేత ఊరు. తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒక్క రాష్ట్రమైన కొత్త రోజులు. నాకు ఇరవై రెండో ఇరవై మూడో ఏడు. ఇంట్లో నలుగురం: అత్తమ్మ, మామ, మా ఆయన, నేను. మామ ఒకప్పుడు పేరున్న నేతగాడు. చూపు పోవడంతో మగ్గం దిగి అరుగు మీద కూర్చున్నాడు. చూపు పోయినా చెవులు మాత్రం మగ్గం మీదే ఉండేవి. లోపల మా ఆయన నేస్తుంటే బయటి నుంచి ఆ చప్పుడు విని తప్పులు పట్టేవాడు.

గుంట మగ్గం సంగతి ఇప్పటివాళ్ళకు తెలియదు గనుక చెప్తాను. గదిలో నేలను తవ్వి గుంట చేస్తారు. నేసే మనిషి ఆ గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు కర్రలను ఒకటి తర్వాత ఒకటి తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా నిలువుగా పరిచిన పడుగు దారాలు సగం పైకి, సగం కిందికి విడిపోతాయి. చేత్తో తాడు లాగితే, ఆ సందులోంచి నాడె అడ్డదారాన్ని లాక్కుంటూ పరుగెడుతుంది. గుంట లోతు ఎవరి కాళ్ళ కొలతను బట్టి వాళ్ళది. మా ఇంటి గుంట మా ఆయన కొలతకు తవ్వింది. ఆయన పొడుగు మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను.

మగ్గం మీద మగవాళ్ళే కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళం నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టేవాళ్ళం, పడుగుకు గంజి పట్టించేవాళ్ళం. పనిలో సగం మాదే, కానీ గుంటలో కాలు పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదని కొత్తలో ఒకసారి అడిగితే అత్తమ్మ నా వైపు చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు.

మా అసలు బాధ ఎలుకలు. గంజి పట్టిన దారమంటే వాటికి ప్రాణం. సాయంత్రం బాగున్న పడుగు పొద్దున చూసేసరికి పది చోట్ల తెగి ఉండేది. ఒక్కో పోగూ వెతికి ముడి వేసేసరికి సగం దినం పోయేది. "ఎలుకలకు గంజి పోసి సాకుతున్నం మనం," అని అత్తమ్మ విసుక్కునేది.

అటువంటి రోజుల్లో ఒకనాడు మా ఆయన నూలు తేవడానికి కరీంనగర్ పోయి, నూలు దొరక్క, భుజం మీద ఒక గోనెసంచితో వచ్చాడు. సంచి కదులుతోంది.

"ఏంది గది?" అన్నాను.

"మానేట్ల ఇసుక మీద పడి కొట్టుకుంటున్నది. మూతి ఇప్పి సూస్తె పిల్లి."

మా వైపు ఒక వాడుక ఉంది. పాలకుండ మీద పడే పిల్లిని చంపితే మహాపాపం. అందుకని సంచిలో వేసి కట్టి, ఏరు దాటించి వదిలేస్తారు. దారి చూడకపోతే, మధ్యలో నీళ్ళు ఉంటే తిరిగి రాదని నమ్మకం. ఆ పిల్లిని వదలడానికి ఏటి దాకా తెచ్చిన మహానుభావుడెవరో ఏరు కూడా దాటలేదు, సంచి కూడా విప్పలేదు. కట్టు కట్టినట్టే ఎండలో పడేసి చేతులు దులుపుకుని పోయాడు.

"ఇంకొకలు పారేసినదాన్ని మనింటికి తెస్తవా?" అని నేను మొహం మాడ్చుకున్నాను.

"ఎలుకలు పడతది," అన్నాడాయన. కానీ సంచిని ఎలుకల కోసం తెచ్చినవాడిలా పట్టుకోలేదు. కింద చెయ్యి పెట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నాకప్పటికి పిల్లల్లేరు. ఆ పట్టుకోవడం చూసి నా కోపం ఇంకా పెరిగింది.

అత్తమ్మ మాత్రం వెంటనే పనిలోకి దిగింది. "రోలు సుట్టు మూడు సుట్లు తిప్పు. ఇల్లు పట్టుకుంటది," అంది. ఆయన సంచిలోంచి పిల్లిని తీశాడు. బూడిద రంగు, ఎడమ చెవి చీలి ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. రెండు చుట్లు ఎలాగో తిప్పాడు. మూడో చుట్టులో అది ఆయన చెయ్యి గీరి, ఒక్క దూకు దూకి గదిలోకి పోయి మగ్గం గుంటలో పడింది. మూడో చుట్టు పూర్తి కాకపోవడం వల్లనే దానికి అంత భయమని అత్తమ్మ బతికున్నన్నాళ్ళూ వాదించింది.

ఇరవై రోజులు మేము దాని మొహం సరిగ్గా చూడలేదు. గుంట గోడలో, మామ తన కాలంలో సద్దిగిన్నె పెట్టుకోవడానికి తొలిపించుకున్న గూడు ఒకటి ఉంది. అందులో దూరి కూర్చునేది. తొంగిచూస్తే రెండు కళ్ళు, ఒక బుస. పాలు పెడితే మేము గదిలో ఉన్నంతసేపు ముట్టేది కాదు. మనిషి వంగితే చాలు, గోడలో కలిసిపోవాలన్నట్టు వెనక్కి జరిగేది. సంచి కట్టిన చెయ్యి ఒక్కటే అయినా, లోకంలోని చేతులన్నిటినీ అది అనుమానించింది.

మా ఆయన దాని జోలికి పోలేదు. పేరు పెట్టి పిలవలేదు, బుజ్జగించలేదు, తొంగిచూడలేదు. పొద్దున్నే వచ్చి గుంట అంచున కూర్చుని కాళ్ళు దించి తన నేత తాను నేసుకున్నాడు. అంతే. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయన నాడె ఆపకుండానే కళ్ళతో నన్ను పిలిచాడు. వెళ్ళి పక్క నుంచి చూస్తే, పిల్లి ఆయన ఎడమ పాదం మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. కర్ర తొక్కినప్పుడు పాదంతో పాటు దాని తల కిందికి పోతోంది, ఎత్తినప్పుడు పైకి వస్తోంది. అది మాత్రం కళ్ళు తెరవడం లేదు.

అప్పుడు నాకర్థమైంది. పైనుంచి చూసుకుంటే మేము మనుషులం. ఆ పిల్లికి మాత్రం మేము ఉత్త కాళ్ళం. చేతులు సంచి కడతాయి. కాళ్ళు ఏమీ చేయవు.

అరుగు మీది మామ ఊరుకోలేదు. "నీ ఎడమ కాలుకు ఏమైందిరా? మెల్లగ తొక్కుతున్నవ్," అని అరిచాడు. "పిల్లి పండుకున్నదే బాపు," అన్నాడు మా ఆయన. "అయితె చీరల పిల్లి మొఖం కనబడతది," అన్నాడు మామ. ఎలుకలు మాత్రం, అది పట్టిందో, దాని వాసనకే పారిపోయాయో, తగ్గిపోయాయి. నేను నోరు మూసుకున్నాను.

అలా ఒక ఏడాది నడిచింది. తర్వాత నేత పడిపోయింది. మిల్లు బట్ట వచ్చి మా ముతక చీరల్ని పక్కకు నెట్టింది. నూలు ఒక వారం వస్తే మూడు వారాలు రాదు. మా వీధి మగవాళ్ళు ఒక్కొక్కరే సోలాపూర్ మిల్లులకు పోవడం మొదలుపెట్టారు. ఒకరోజు మా ఆయన కూడా మూట కట్టాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. నేను చుట్టిన కండెలు బుట్టలో అలాగే ఉన్నాయి.

బస్సెక్కేముందు నన్ను పక్కకు పిలిచాడు. నాకేదో చెప్తాడనుకున్నాను.

"జర పిల్లిని సూడు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నన్ను చూసుకొమ్మని ఆ పిల్లికైనా చెప్పి పోయి ఉంటే బాగుండేది. బస్సు కదిలాక గానీ ఏడుపు రాలేదు.

మా వీధిలో అప్పటికి మూడిళ్ళ మగవాళ్ళు సోలాపూర్ పోయారు. మూడిళ్ళలోనూ ఒకటే జరగడం నేను కళ్ళారా చూశాను. మగవాడు పోయిన కొన్నాళ్ళకు ఇంటివాళ్ళు మగ్గం విప్పి అటక మీద పెట్టారు. గుంట పూడ్చి అలికేశారు. ఆ తర్వాత ఆ మగవాడు తిరిగి రాలేదు. వచ్చినా పెళ్ళాన్ని తీసుకుపోవడానికే వచ్చాడు, తాళం వేసి పోయాడు. గుంట పూడ్చడం వల్ల రాలేదో, రాడని తెలిసి పూడ్చారో నాకు తెలియదు. ఆ వయసులో అంత ఆలోచన ఎక్కడిది? గుంట పూడితే నా మనిషి రాడు అని ఒక్కటే గట్టిగా మనసులో పడిపోయింది. తిరిగి వచ్చినవాడికి కూర్చునే చోటు ఉండొద్దూ?

పిల్లి కూడా ఎదురుచూసింది. గుంటలోకి కాళ్ళు రావడం ఆగిపోయింది. పాలచిప్ప పెట్టింది పెట్టినట్టే ఉండేది. చీకటి పడ్డాక బయట తిరిగి వస్తోందని తెలుస్తోంది గానీ మా కంట పడేది కాదు.

ఒకనాడు మామ గోడ పట్టుకుని గదిలోకి వస్తుంటే ఒక కాలు గుంటలోకి జారింది. పడలేదు, కానీ మోకాలు చెక్కుకుపోయింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను.

"సప్పుడుంటె గుంట ఏడున్నదో ఎరుకయితుండె బిడ్డా," అన్నాడు మామ, మోకాలు తడుముకుంటూ. "ఇప్పుడు ఎరుకయితలేదు. పూడిపిస్త."

ఏమనగలను? ఆయన మాట న్యాయమే. చూపులేని మనిషి, ఆయన ఇల్లు, ఆయన మోకాలు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. అంతకన్నా ఎదురు చెప్పడం ఆ ఇంట్లో నాకు తెలియదు.

రెండు రోజుల్లో మన్ను వచ్చింది. గది మూలలో నడుం ఎత్తు కుప్ప పోశారు. మర్నాడు పొద్దున పూడ్చాలి. ఆ పొద్దున అత్తమ్మ గుంటలోని కర్రలు తీయడానికి వంగి, వంగినట్టే ఆగిపోయింది.

"పిల్లా, ఇటు రా," అంది.

గూట్లో పిల్లి పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర మూడు కూనలు, తడి ఇంకా ఆరలేదు. అంత సిగ్గుపడే పిల్లి ఈ ముచ్చట ఎక్కడ నడిపిందోనని నేను నోరు తెరిచాను. అది మమ్మల్ని చూసి బుసకొట్టలేదు. బుస కొట్టే ఓపిక కూడా లేదు. పారిపోవడానికి చోటు లేదు, కూనల్ని వదిలి పోలేదు. వణుకుతూ అలాగే మా మొహాల్లోకి చూసింది.

అత్తమ్మ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పురుడింట్ల మన్ను పోస్తరా?" అని అరుగు దాకా వినపడేలా అంది. "పదకొండు దినాలు ఎవ్వలు గుంట ముట్టద్దు. మొగోళ్ళు గా దిక్కే రావద్దు."

"పిల్లికి పురుడేందే?" అన్నాడు మామ.

"ఏ తల్లికైన పురుడు పురుడే. నీ కొడుకు పుట్టిననాడు నువ్వు గదిలకు వచ్చినవా?"

ఆ రోజు నుంచి పదకొండు రోజులు గుంట ఆడవాళ్ళది అయింది. గుంటలో ఆడది కాలు పెట్టకూడదని నన్ను చూపుతోనే కసిరిన అత్తమ్మే, బాలింత దగ్గరికి పోవాల్సింది ఆడవాళ్ళే కదా అని నన్ను గుంటలోకి దింపింది. తన మాట తానే మార్చుకుంటున్నానని ఆమెకు తట్టలేదు. నేను గుర్తు చేయలేదు. అంత తెలివితక్కువదాన్ని కాదు.

బాలింతకు చేసినట్టే చేసింది అత్తమ్మ. జావలో వాము వేసి చల్లార్చి పెట్టింది. పిల్లి ముట్టలేదు. పాలు ముట్టలేదు. రెండో రోజుకు కూనలు సన్నగా ఏడవడం మొదలుపెట్టాయి. తల్లి తినకపోతే వాటికి పాలెక్కడివి?

"వాడు ఎట్ల తినిపిచ్చేటోడు?" అని అడిగింది అత్తమ్మ.

"తినిపియ్యలే. కాళ్ళు పెట్టి కూసునేటోడు."

"అయితె కూసో."

నేను మా ఆయన చోట, గుంట అంచున కూర్చున్నాను. కాళ్ళు దించాను. కర్రలు వేలి కొసలకు తగిలీ తగలనట్టు తగిలాయి. పిల్లి చూస్తోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. "కాళ్ళు కదిలియ్యి. ఊకె పెడితె ఎట్ల?" అంది అత్తమ్మ. ముందుకు జారి, అంచు పట్టుకుని, వేళ్ళతో కర్ర తొక్కాను. పడుగు నోరు తెరుచుకుంది. ఏడాదికి పైగా పక్కన కూర్చుని కండెలు చుడుతూ చూసిన పని. చెయ్యి దానంతట అదే తాడు లాగింది. నాడె సగం దాకా పోయి ఆగిపోయింది. మళ్ళీ లాగాను. పోయింది.

ఆ చప్పుడుకు పిల్లి చెవులు నిలబెట్టింది. నేను ఇంకో పోగు వేశాను, ఇంకోటి వేశాను. తప్పులు పడుతున్నాయి, అంచు వంకర పోతోంది. అయినా ఆపలేదు. కాసేపటికి నా బొటనవేలికి చల్లగా, తడిగా ఏదో తగిలింది. కదలకుండా ఉండాలని తెలుసు, కానీ ఆగితే పోతుందని కూడా తెలుసు. అందుకని తొక్కుతూనే ఉన్నాను. ఆ తర్వాత చిప్పలో నాలుక చప్పుడు వినపడింది. అది తాగుతోంది.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నా పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నాకు అంత సంతోషం కలిగిన గడియ అదే.

అప్పటి నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిల్లి తినాలంటే నేను నేయాలి. ఆయన సగంలో వదిలిన చీర రోజుకు ఇంత చొప్పున పెరిగింది. నా నేత చూస్తే ఆ చీర మీద జాలి వేసేది. ఆరో రోజున అరుగు మీది నుంచి మామ గొంతు వినపడింది.

"లోపట ఎవరు నేస్తుండ్రు?"

అత్తమ్మ నా వైపు చూసి, "పిల్లి," అంది.

"పిల్లికి కాళ్ళు అందుతలేనట్టున్నయి," అన్నాడు మామ.

పదకొండో రోజు అత్తమ్మ నీళ్ళు చల్లి పురుడు కడిగింది. మామ లోపలికి వచ్చాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మన్ను కుప్ప అక్కడే ఉంది. ఇక ఆపడానికి పురుడు లేదు, పండగ లేదు. మామ మగ్గం ముందు కూర్చుని, నేసిన బట్ట మీద వేళ్ళు పెట్టాడు. కొడుకు నేసిన చోటు నుంచి మొదలుపెట్టి మెల్లగా నా నేతలోకి వచ్చాడు. వేళ్ళు ఆగాయి.

"గీడ పోగు తెగింది, ముడి ఎయ్యలే," అన్నాడు. ఇంకొంచెం జరిపాడు. "గీడ బలం పెట్టి గుంజినవ్. గీడ జర నయం." చివరి జానెడు మీద చెయ్యి చాలాసేపు ఉంచాడు. "రేపట్నుంచి అంచు సూసుకొని నెయ్యి. ఆ మన్ను జానెడు గుంటల పొయ్యిండ్రి."

ముందు మాట విని ఉప్పొంగినదాన్ని, వెనక మాటకు బెదిరిపోయాను. "వద్దు మామా! గుంట పూడ్సద్దు!" అన్నాను. ఆయన ముందు గొంతెత్తడం అదే మొదటిసారి.

"పూడ్సుడు వేరె, సరిజేసుడు వేరె," అన్నాడు. "అడుగు జానెడు లేస్తె నీ కాళ్ళు కర్రలకు అందుతయి. వేళ్ళ కొసలతోటి ఎన్ని దినాలు తొక్కుతవ్?"

కర్రలు తీసి, అడుగున జానెడు మన్ను పోసి, దిమ్మిస కొట్టి, మళ్ళీ కర్రలు కట్టాం. మిగిలిన మన్ను బయట పోశారు. నా కాళ్ళు నిండుగా ఆనాయి. మామకు మళ్ళీ చప్పుడు వినపడింది, మళ్ళీ గోడ పట్టుకోకుండా గదిలోకి వచ్చాడు. అందరికీ బాగానే ఉంది. నాకు మాత్రం లోపల ఒక దిగులు. గుంట పూడితే ఆయన రాడని భయపడ్డదాన్ని, నా చేతులతో నేనే జానెడు పూడ్చాను.

ఆ చీర అయ్యాక కూడా నూలు దొరికిన వారమల్లా నేశాను. వీధిలో మాటలు పడ్డాను. "మొగని జాగల కూసున్నది," అన్నారు. నోరున్నదాన్ని కాబట్టి నేనూ అన్నాను. కూనలు పెద్దవైతే, అన్నవాళ్ళే ఎలుకల కోసం వచ్చి అడిగి పట్టుకుపోయారు. అప్పటి నుంచే పిల్లులదాన్నయ్యాను. తల్లి పిల్లి మాత్రం మారలేదు. ఒళ్ళోకి రాలేదు, చేత్తో ముట్టనివ్వలేదు, పరాయి మనిషి గొంతు వినపడితే గూట్లోకి పోయేది. దానికి నా పాదాలు చాలు. నేనూ అంతకంటే అడగలేదు. ఎడమ పాదం మీద దాని గడ్డం బరువు లేనిరోజు నాకు నేత సాగేది కాదు.

మా ఆయన నుంచి మొదట నెలకో కార్డు వచ్చేది. తర్వాత రెండు నెలలకొకటి. తర్వాత రాలేదు. ఆ జానెడు మన్ను వల్లనే అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను?

ఆయన వచ్చింది మరుసటి ఎండాకాలం, పట్టపగలు, చెప్పాపెట్టకుండా. నేను నేస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. వీధి మలుపులోనే మగ్గం చప్పుడు విన్నాడట. తండ్రి ఇంకో నేతగాణ్ణి పెట్టుకున్నాడనుకున్నాడట.

"ఎవరిని పెట్టిండ్రే మగ్గం మీద?" అంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు. చిక్కిపోయాడు. కాళ్ళకు తోలు చెప్పులు. నేను లేవబోయాను. లేవలేకపోయాను. పాదం మీద పిల్లి ఉంది.

అన్నం తిన్నాక ఆయన మగ్గం దగ్గరికి పోయి తన చోట కూర్చున్నాడు. కాళ్ళు దించాడు. మోకాళ్ళు పైకి లేచి పడుగుకు తగిలాయి.

"గుంట లోతు తక్కువైంది," అన్నాడు.

ఆయన వంగి మోకాళ్ళు మడిచి ఎలాగో నాలుగు పోగులు వేశాడు. పిల్లి గూట్లోంచి మెడ చాచి ఆ పాదాల్ని వాసన చూసింది. మిల్లు నూనె వాసనో, చెప్పుల వాసనో, వెనక్కి జరిగి గూట్లో ముడుచుకుంది. ఆయన చాలాసేపు తొక్కాడు. అది రాలేదు.

"నన్ను మర్సిపోయింది," అన్నాడు నవ్వుతూ. కళ్ళు మాత్రం నవ్వలేదు.

నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, చాలా సంతోషం కలిగింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. రావాలని ఏడాది పైగా కోరుకున్న మనిషి వచ్చి కూర్చున్న మొదటి పూటే, ఆయన ఓడిపోవాలని నా లోపల ఎవరో కోరుకున్నారు.

"రేపు ఆ మన్ను తీసెయ్యి బిడ్డా. నీ మగ్గం నువ్వు నేసుకో," అంది అత్తమ్మ కొడుకుతో. ఆమెది చెడ్డ మనసు కాదు. కొడుకు వచ్చాడు, కొడుకు చోటు కొడుక్కివ్వాలి, అంతే. మా ఆయన పొద్దుగూకేదాకా గుంటలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను బుట్ట ముందేసుకుని కండెలు చుట్టాను. నాలుగు చుట్టి బుట్ట పక్కకు నెట్టాను. ఆయన రాకపోతే ఎలాగని ఏడ్చినదాన్ని, వచ్చాక ఆ జానెడు మన్ను పోతుందని కుమిలిపోయాను. మనిషికి ఇంత తిక్క ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేను బావి దగ్గర ఉన్నాను. ఇంట్లోంచి గడ్డపార చప్పుడు వినపడింది. తవ్వుతున్నాడు. చేదను సగంలో వదిలేసి వచ్చాను. తీసెయ్యనీ, అది ఆయనదే కదా అని దారి పొడుగునా చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ అడుగులు తొందరయ్యాయి.

గదిలో నా గుంట అలాగే ఉంది. ఆయన అవతలి గోడ వైపు, నేల మీద బొగ్గుతో గీత గీసి, ఇంకో మగ్గానికి కొత్తగా గుంట తవ్వుతున్నాడు. మామ గుమ్మంలో కూర్చుని, "ముందుగాల కాళ్ళు కొలుసుకోరా, తర్వాత బాధపడతవ్," అంటున్నాడు. గడ్డపార చప్పుడుకు ఊరు దాటి పారిపోవాల్సిన పిల్లి, నా గుంట అంచున, పట్టపగటి వెలుతురులో, అందరి ముందు కూర్చుని ఆయన చేతుల్నే చూస్తోంది.

"ఇదేంది?" అన్నాను.

"నా గుంట," అన్నాడాయన తల ఎత్తకుండా. "అది నీ కాళ్ళ కొలత. నాకు పనికిరాదు."

"మళ్ళ సోలాపూర్ పోవా?"

ఆయన గడ్డపార నేలకు ఆనించి, చెమట తుడుచుకున్నాడు. "గుంట తవ్వుకునేటోడు ఏడికి పోతడే?"

నేను అక్కడే, మామ ముందు, అత్తమ్మ ముందు, పిల్లి ముందు వలవల ఏడ్చాను. ఎవరూ ఊరుకోబెట్టలేదు. ఆయన మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుని, మన్ను ఎత్తడానికి తట్ట అందుకున్నాను.